కాచి పంపిన నీళ్ళు

నా ఉద్యోగం ఏమిటని అడిగినవాళ్ళకు ఆ రోజుల్లో "ఆవిరి చేస్తాను" అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను హాస్యానికి అన్న మాట కాదది. వేలూరులో ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసింది అదే. అణైకట్ వైపు నుంచి ముళ్ళ వంకాయలు వచ్చేవి, వాటిలో పురుగుమందు మిగిలిందా అని చూడాలి. వంకాయను మెత్తగా నలిపి ఒక ద్రావకంలో వేసి ఊపితే, మందు అందులోకి దిగుతుంది. అప్పుడా ద్రావకాన్ని పోగొట్టాలి. ఫ్లాస్కు అడుగున మిగిలిన కాస్త జిడ్డును పెద్ద మిషనుకు ఎక్కిస్తే, అందులో ఏమేమున్నాయో అది గీతలు గీసి చూపిస్తుంది.

ద్రావకాన్ని పోగొట్టే యంత్రం పేరు రోటరీ ఎవాపరేటర్. మేము రోటా అనేవాళ్ళం. గుండ్రటి గాజు ఫ్లాస్కు పక్కకు వాలి, వేడినీళ్ళ తొట్టిలో సగం మునిగి తిరుగుతూ ఉంటుంది. పంపు లోపలి గాలిని పీల్చేస్తుంది. గాలి లేకపోయేసరికి ద్రావకం గోరువెచ్చటి వేడికే మరిగి, ఆవిరై పైకి పోయి, చల్లటి గాజు చుట్టల మీద మళ్ళీ ద్రవమై ఇంకో ఫ్లాస్కులోకి కారుతుంది. కారినదాన్ని వ్యర్థాల క్యానులో పోసేస్తాం. మిగిలినదాన్ని నెత్తిన పెట్టుకుంటాం. కొత్తగా చేరిన పిల్లలు ఆ తిరుగుడును ఫోన్లో వీడియో తీసుకునేవాళ్ళు. నాకు ఇప్పుడు ఎక్కడైనా ఆ యంత్రం బొమ్మ కనిపించినా ఒళ్ళు మండుతుంది.

ల్యాబు పేరు రాయను, మా పల్లె పేరూ రాయను. గుడియాత్తం దాటి కొంత దూరం పోతే వస్తుందని మాత్రం చెబుతాను. తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చదవడం, రాయడం అంతా అరవంలోనే. తెలుగు అక్షరాలు మా వాళ్ళలో నాకొక్కదానికే వచ్చు, అవి కూడా చిత్తూరు కాలేజీలో హాస్టలు పిల్లల దగ్గర నేర్చుకున్నవే. ఇంత ధైర్యంగా ఇది తెలుగులో రాస్తున్నది కూడా అందుకే. మా ఇంట్లో నేను ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళు దీన్ని చదవలేరు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. నన్ను పెంచింది, చదివించింది మా పెదనాయన, పెద్దమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు వేలూరులో ఉద్యోగం వచ్చి, బాగాయంలో ఒక గది అద్దెకు తీసుకున్న రోజు నుంచి పెదనాయనకు టీ అంగడిలో ఇంకో కబురు లేకుండా పోయింది. "మా బిడ్డ ల్యాబులో ఉండాది. దేంట్లో ఏం కలిసిందో ఆయమ్మ మిషనులో చూసి చెప్పేస్తాది" అని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పేవాడు. సంతలో నెయ్యి కొంటూ, అమ్మేవాడిని నా పేరు చెప్పి బెదిరించాడని కూడా విన్నాను. నవ్వొచ్చేది. గొప్పగా కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

మా ఇల్లు ఊళ్ళో కాదు, మడి మధ్యలో. పంచాయతీ కుళాయి అక్కడిదాకా రాలేదు. తాగడానికి, వంటకు, ఆవులకు, మొత్తం అన్నిటికీ బావి ఒక్కటే. ఆ మడికి ఎగువన, వంక ఒడ్డున, చెప్పుల అడుగులు అతికించే షెడ్డు ఒకటి వచ్చింది. అతికించడం అయ్యాక బ్రష్షులు, డబ్బాలు కడిగే ద్రావకాన్ని వాళ్ళు షెడ్డు వెనక గుంటలో పోసేవాళ్ళు. గుంటలో పోసింది గుంటలోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం కాబోలు.

ఒక ఎండాకాలం పెదనాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మన బాయి నీళ్ళు పంచరంగడి మాదిరి వాసనొస్తా ఉండాయి."

"పంచరంగడా?"

"అదే మా, సైకిలు ట్యూబుకు పూస్తారే సొల్యూషను, అద్దే వాసన. మీ పెద్దమ్మ సాంబారు కాచినా అదే, కాపీ కాచినా అదే. నువ్వు చూసి చెప్పకూడదా?"

ఒక సీసాలో పట్టుకురమ్మన్నాను. ఏ సీసా, ఎట్లా పట్టాలి అని చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పినా మా పెద్దమ్మ తన పద్ధతిలోనే చేసి ఉండేది.

మరుసటి వారం పెదనాయన ఉతికిన పంచె కట్టుకుని, మూతకు గుడ్డ చుట్టిన స్టీలు తూక్కు గిన్నె ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. ల్యాబు రిసెప్షన్‌లో మూత తీయగానే జీలకర్ర వాసన గుప్పుమంది. మా పెద్దమ్మ ఆ నీళ్ళను జీలకర్ర వేసి కాచి, చల్లార్చి, తెల్ల గుడ్డలో వడకట్టి పంపింది. ఇంకో ఇంటికి పచ్చి నీళ్ళు పంపడం మా వైపు మర్యాద కాదు. అందులోనూ పెద్ద చదువులు చదివినవాళ్ళు చూసే నీళ్ళాయె. బాలింతకు కాచినట్టు కాచింది పాపం.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వింది మా సారు, అంటే ల్యాబు మేనేజరు. ఆయనది చిత్తూరు వైపు, మాతో తెలుగే మాట్లాడేవారు. పెదనాయన భుజం మీద చెయ్యి వేసి, ఓపిగ్గా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు.

"పెద్దాయనా, వాసన అంటే ఏమిటి? ఎగిరిపోయే వస్తువు. ఎగిరిపోతేనే కదా మీ ముక్కుకు తెలిసేది. కాచితే అదంతా ఎగిరిపోదా? ఇంక నేనేం చూడాలి ఇందులో, జీలకర్రా?"

పెదనాయన తూక్కు మూత మూసి, తల వంచుకుని "తప్పయిపోయినాది సార్, ఆడవాళ్ళు, తెలియక చేసినారు" అన్నాడు. ఆ నీళ్ళు అక్కడ పారబోయడానికి మనసొప్పక మళ్ళీ ఊరికి మోసుకుపోయాడు.

సారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తుంది.

తర్వాత పెదనాయన ఊళ్ళో మరికొందరిని కూడగట్టి షెడ్డు మీద ఫిర్యాదు పెట్టాడు. విచారణకు ఒక అధికారిని వేశారు, ఆయన మనుషులు వచ్చారు. వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు, ఆ మాట చెప్పాలి. రంగు గాజు సీసాల్లో, గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి, సీలు వేసి, ఐసు పెట్టెలో పెట్టి, పరీక్షకు మా ల్యాబుకే పంపారు. మా రిపోర్టులో ఆ వాసన తాలూకు ద్రావకం పేరు పడితే, షెడ్డు వాళ్ళు గుంటలో పోయడం ఆపాలి, బావి బాగుపడేదాకా మా ఇంటికి వేరే నీళ్ళు ఏర్పాటు చేయాలి. పడకపోతే మా వాళ్ళు అవే నీళ్ళు తాగాలి. అంతకు మించి చిక్కేమీ లేదందులో.

సీసాల మీద ఊరి పేరు ఉండదు, కోడ్ నెంబరు ఉంటుంది. కానీ ఎక్కడివో నాకు తెలియకుండా ఉంటుందా? వెంటనే సారు దగ్గరికి పోయి, ఇవి మా పెదనాయన బావి నీళ్ళు, నా చేతికి వద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను.

"కోడ్ నెంబరుకు చుట్టాలుండరమ్మా. రోటా మీద నీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు ఎవరున్నారు ఇక్కడ? నువ్వే చెయ్యి" అన్నారు.

"రోటా ఎందుకు సార్ దీనికి?"

ఆయన నా వైపు చూసిన చూపు బాగా గుర్తుంది. అన్నం ఎందుకు వండుతారు అని అడిగినట్టు చూశారు.

మా దగ్గర నీళ్ళకు ఉన్నది ఒకటే పద్ధతి. వంకాయలకు వాడే పద్ధతినే కొంచెం మార్చి నీళ్ళకు వాడేవాళ్ళం. నీళ్ళను ఒక ద్రావకంతో కలిపి ఊపి, ఆ ద్రావకాన్ని వేరు చేసి, రోటాలో పెట్టి ఆవిరి చేసి, చివర నైట్రోజన్ గాలి ఊది పూర్తిగా ఎండబెట్టి, మిగిలినదాన్ని మళ్ళీ రెండు చుక్కల ద్రావకంలో కరిగించి మిషనుకు ఎక్కించాలి. పురుగుమందుకు అది చక్కటి పద్ధతి. పురుగుమందు అంత తేలిగ్గా ఎగిరిపోదు, అడుగున కూర్చుంటుంది. కానీ ఈ బావిలో ఉన్నది పురుగుమందు కాదు. అదీ ఒక ద్రావకమే. మేము పారబోసేదాని జాతిదే. రోటాలో పెడితే రెండూ చెట్టపట్టాలు వేసుకుని పోతాయి. మిషనుది ఇంకో వేషం. ద్రావకం దాటిపోయే మొదటి నిమిషాల్లో అది కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, దాని లోపలి భాగం పాడవకుండా అట్లా అమర్చి పెడతారు. అంటే కాస్తో కూస్తో మిగిలినా అది చూడదు.

ఇదంతా సారుకు చెప్పాను. గొంతు పెంచకుండానే చెప్పాను మొదట.

"మనం వెతుకుతున్నది ద్రావకం సార్. ద్రావకాన్ని తీసేసి ద్రావకం కోసం వెతికితే ఎట్లా దొరుకుతుంది? సీసాలో సగం నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చచేసి, పైన నిలిచిన గాలిని సూదితో తీసి మిషనుకు ఇద్దాం. అంతే కదా కావలసింది."

"ఆ పద్ధతికి మనకు అనుమతి ఉందా?"

"లేదు."

"ఉన్న పద్ధతికి ఉందా?"

"ఉంది. కానీ..."

"కానీ లేదు. అనుమతి ఉన్న పద్ధతిలో చేస్తే అది రిజల్టు. లేనిదాంట్లో చేస్తే అది కబుర్లు. రేపు ఎవడైనా అడిగితే సమాధానం చెప్పేది నేను."

"మరి ఇది మన పద్ధతితో తేలదని రాసి, సీసాలు తిప్పి పంపేద్దాం సార్."

"వచ్చిన పనిని మాకు రాదని ఎవడైనా తిప్పి పంపుతాడా?"

అప్పుడు నా గొంతు పెరిగింది. "మా పెద్దమ్మ నీళ్ళు కాచి పంపితే నవ్వారు మీరు. ఇప్పుడు మనం చేయబోయేది ఏమిటి? అదే కాచుడు. గాజు సామాను ఖరీదైనది, అంతే తేడా" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా పని ఆపి చూశారు. సారుకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. జాలిగా చూసి "నీ వాళ్ళు కాబట్టి నీకు బాధ. అర్థమవుతుంది" అన్నారు. పొద్దున చుట్టాలు లేని కోడ్ నెంబరుకు మధ్యాహ్నానికి చుట్టాలు పుట్టుకొచ్చారు.

చాలామంది నన్ను అడిగారు, ఆయన షెడ్డు వాళ్ళ దగ్గర ఏమైనా తిన్నాడా అని. తినలేదు. తిని ఉంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. తిన్నవాడికి తాను చేసింది తప్పని తెలిసి ఉంటుంది. ఈయనకు తెలియదు. ఈయన నిజంగా, మనస్ఫూర్తిగా, తాను నిజాయితీగా పని చేస్తున్నాననే అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు. సాయంత్రం ఇంటికి పోయి హాయిగా భోంచేసే మనిషి.

చేయనంటే ఇంకెవరో చేస్తారు, అజాగ్రత్తగా చేస్తారు. కనీసం తొట్టి వేడి తగ్గించి, నెమ్మదిగా లాగి, పూర్తిగా ఎండిపోకముందే ఆపుదామనుకున్నాను. సారు వచ్చి పక్కన నిలబడ్డారు. పద్ధతిలో ఎంత వేడి రాసి ఉందో అంతకే పెట్టించారు. ఎండేదాకా ఊదమని రాసి ఉంది కాబట్టి ఎండేదాకా ఊదించారు.

ఫ్లాస్కు తిరుగుతోంది. అవతలి ఫ్లాస్కులో చుక్కలు పడుతున్నాయి. మా బావిలో ఉన్నదంతా ఆ చుక్కల్లో ఉందని నాకు తెలుసు. ఆ ఫ్లాస్కు విప్పి వాసన చూస్తే, ల్యాబు ద్రావకం తియ్యటి వాసన ఒక్కటే తెలిసింది, దానికింద మిగిలినవన్నీ మునిగిపోయాయి. ఎప్పటిలాగే దాన్ని వ్యర్థాల క్యానులో పోసి, ఫ్లాస్కును సబ్బుతో కడగమన్నారు. పోశాను, కడిగాను. నాకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే మళ్ళీ నీ వాళ్ళు కాబట్టి బాధ అంటారని.

ఎండిన ఫ్లాస్కులో మిగిలినది మిషనుకు ఎక్కించాం. తిన్నటి గీత వచ్చింది, దుప్పటి ఇస్త్రీ చేసినట్టు.

సారు భోజనానికి పోయినప్పుడు నేను అనుకున్న పద్ధతిలో చేశాను. మిగిలిన సీసాలో నీళ్ళు కొంచెం తీసి, మూత బిగించి, వెచ్చచేసి, పైగాలిని సూదితో లాగి మిషనుకు ఇచ్చాను. ఈసారి దాని కళ్ళు మూయించలేదు. గీత నిలువుగా లేచి, తెర పై అంచు తాకి, అక్కడ కాసేపు నిలిచి దిగింది. జిగురును పలచన చేయడానికి వాడే ద్రావకమే. అనుమానానికి తావు లేదు. సారు వచ్చాక తెర చూపించాను. ఆయన కూర్చుని చాలాసేపు చూశారు. ఆయనకు అర్థం కాలేదని ఎట్లా అనుకోను? చదువుకున్న మనిషి.

"బాగా చేశావు. కానీ ఇది మన దగ్గర లేని పద్ధతి. ఇది ఇక్కడ ఉంటే ఆడిట్‌లో మనకే ఇబ్బంది. తీసెయ్" అన్నారు.

నేను తీయలేదు. ఆయనే తీశారు.

రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాను. సరేనని ఆయనే పెట్టుకున్నారు. నా సంతకం లేకపోతే ఏదో ఆగిపోతుందని అంతకుముందు వరకు నాకొక భ్రమ ఉండేది. రిపోర్టు ఇంగ్లీషులో, మంచి కాగితం మీద, రంగు ముద్రతో తయారైంది. ఏమీ గుర్తింపబడలేదు అని అందులో ఉంది. అది అబద్ధం కాదు. మేము నిజంగానే ఏమీ గుర్తించలేదు.

విచారణ గుడియాత్తంలో. నేను సెలవు పెట్టి వెళ్ళాను. పెదనాయన నాకంటే ముందే వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. పక్కన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో ఫైలుతో ఉన్నాయన వైపు తిరిగి చెప్పాడు.

"ఇదో, మా బిడ్డ. నీళ్ళు చూసినారే ఆ ల్యాబు, ఆడనే వేలై."

వేలై అంటే ఉద్యోగం. ఆ తెల్ల చొక్కాయన షెడ్డు తరఫున వచ్చిన మనిషి. పెదనాయనకు ఆ సంగతి తెలుసు కూడా. తెలిసే చెప్పాడు, బిడ్డ గొప్ప అవతలివాడికి తెలియాలి కదా. ఆయన ఎంతో మర్యాదగా నాకు నమస్కారం పెట్టాడు.

లోపల అధికారి రిపోర్టు చదివి, అరవంలో పెదనాయనకు చెప్పాడు. పెద్దాయనా, నీళ్ళలో ఏమీ లేదంట. నేను లేచాను. పద్ధతి తప్పని, ఎగిరిపోయే వస్తువును ఎగరగొట్టి వెతికామని, మూసిన సీసాలో చేస్తే దొరికిందని, నా కళ్ళతో చూశానని అరవంలో మొదలుపెట్టి, కంగారులో ఇంగ్లీషులోకి పోయి, మొత్తానికి చెప్పాను. అధికారి శ్రద్ధగానే విన్నాడు. "అలా దొరికినదానికి రిపోర్టు ఉందా?" అన్నాడు. లేదన్నాను. తెల్ల చొక్కాయన లేచి, నా వైపు తిరిగి, మెత్తగా అడిగాడు.

"ఇవర్ ఉంగళుక్కు సొందమా, మేడమ్?"

ఈయన మీకు బంధువా అని. పెదనాయన నా కంటే ముందు, సంతోషంగా, "ఆమా సార్, ఎన్ పొణ్ణుదాన్" అనేశాడు. అవును సార్, నా కూతురే.

అంతటితో అయిపోయింది. ల్యాబు మనిషిగా మాట్లాడితే, మీ ల్యాబే లేదంటోంది కదా అన్నారు. ఇంటి మనిషిగా మాట్లాడితే, సొంత మనిషివి కాబట్టి అట్లాగే చెబుతావన్నారు. రెండూ కాక ఇంకేమై మాట్లాడాలో నాకు తెలియలేదు. అధికారి ఫైలు కట్టేశాడు. మళ్ళీ పరీక్ష కావాలంటే కొత్తగా అర్జీ పెట్టుకోమన్నాడు. పెదనాయనతో కలిసి సంతకం పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఇంకోసారి వాళ్ళు రారని వాళ్ళ నడకలోనే తెలిసింది.

బయటికి వచ్చాక పెదనాయన దిగులుగా ఉంటాడనుకున్నాను. లేడు. ఏదో బరువు దిగినట్టు ఉన్నాడు.

"ఎంత బాగా మాట్లాడినావు మా, ఇంగ్లీషులో! ఆఫీసరు అట్లే నిన్నే చూస్తా ఉండాడు."

"పెదనాయనా, నేను చెప్పింది నీకు అర్థమయిందా? నీళ్ళలో ఉండాది. నేను చూసినాను."

"యాడ ఉండాది? మీ ల్యాబోళ్ళే లేదని రాసిచ్చినారు గదా."

"వాళ్ళు తప్పు చేసినారు."

ఆయన నడక ఆపి నన్ను చూశాడు. చిన్నప్పుడు నేను బడిలో టీచరు మీద చాడీ చెబితే చూసినట్టే చూశాడు.

బస్సులో పక్కన కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. ఎంత తేలిక చేసి చెప్పాలో అంత తేలిక చేశాను. "పెద్దమ్మ నీళ్ళు కాచి పంపించింది, గుర్తుండాదా? కాచితే వాసన పోయింది గదా? ల్యాబులో కూడా అట్లే కాచేసినారు పెదనాయనా. ఉండేది పోగొట్టేసి, లేదని రాసినారు."

ఆయన నా మాటలకు తల ఊపుతూ విన్నాడు. అర్థమవుతోందని నాకు ఆశ పుట్టింది. తర్వాత నిదానంగా అన్నాడు.

"ఆమె చదువుకోనిది మా. తెలియక కాచింది. అంత చదివినోళ్ళు యాల చేస్తారు అట్ల? నిన్ను పెట్టుకున్న ల్యాబు అది. అట్లాంటి ల్యాబు తప్పు చేస్తాదా?"

ఆ ల్యాబు మీద ఆయనకున్న నమ్మకం నా మీద ఉన్న నమ్మకమే. నన్ను నమ్మాలంటే నన్ను పెట్టుకున్నవాళ్ళను నమ్మకూడదు. అంత మెలిక ఆయన బుర్రకు ఎక్కించడం నా వల్ల కాలేదు. కాసేపటికి ఆయనే మళ్ళీ అన్నాడు.

"నా ముక్కే చెడిపోయినట్టుండాది. వయసయింది గదా."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. అరవై ఏళ్ళు ఆ బావి నీళ్ళు తాగిన మనిషి, పంచరంగడి వాసన అని ఒక్క మాటలో తేల్చేసిన మనిషి, ఒక కాగితం చూసి తన ముక్కును కొట్టిపారేశాడు. ఆ కాగితం చదవనైనా చదవలేడు.

ఇంటికి చేరేసరికి పెద్దమ్మ వాకిట్లోనే ఉంది. మా ఇంట్లో బయటి నుంచి వచ్చినవాళ్ళకు ముందు చెంబుతో నీళ్ళిస్తారు. అవి తాగాకే మాటలు. చెంబు నా చేతికిచ్చింది. నోటి దగ్గర పెట్టుకోగానే ఆ వాసన ముక్కు పుటాల్లోకి ఎక్కింది. కాచని నీళ్ళు, అప్పుడే చేదినవి.

"కాయితంలో ఏమీ లేదన్నారంట గదా మా. ఫిర్యాదు పెట్టినప్పట్నించి నిన్నటి దాకా ఊళ్ళోంచి బిందె మోసుకొస్తా ఉన్నా, నడుములు పోయినాయి. ఇంక ఆ కష్టం లేదు" అంది పెద్దమ్మ. బస్సెక్కకముందే, నేను పక్కన లేనప్పుడు పెదనాయన ఫోన్ చేసి చెప్పేశాడన్నమాట.

"వద్దు పెద్దమ్మా, ఇవి తాగకూడదు. మీరూ తాగొద్దు" అని చెంబు తిన్నె మీద పెట్టాను.

పెద్దమ్మ ముఖం మాడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఇచ్చిన నీళ్ళు నేను వద్దనడం అదే మొదటిసారి. ఆమె పెదనాయన వైపు చూసింది. ఆయన నవ్వుతూ వచ్చి ఆ చెంబు అందుకున్నాడు. తల పైకెత్తి, గటగటా మొత్తం తాగేశాడు. మూతి తుడుచుకుని నా భుజం తట్టాడు.

"చూడు, ఏమీ లేదు. నువ్వు ఊరికే భయపడతా ఉండావు. మీ ల్యాబోళ్ళు కరెక్టుగానే చెప్పినారు మా."

ఆయన మాట్లాడుతుంటే ఆ మీసాల తడిలోంచి అదే వాసన.

ఆ ఉద్యోగం తర్వాత మానేశాను. కొత్త అర్జీ పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా పెదనాయన ఒప్పుకోలేదు. ఒకసారి లేదని తేలినదానికి మళ్ళీ పోతే నా పరువు పోతుందని ఆయన బాధ. నా పరువు! నేను పోయినప్పుడల్లా గుడియాత్తంలో నీళ్ళ క్యాన్లు కొని ఆటోలో వేసుకుపోతాను. అవి మూత కూడా తీయకుండా వసారాలో ఒక మూల ఉంటాయి, మళ్ళీ నేను పోయి తీస్తే తప్ప. పక్క మడి ఆమెతో పెద్దమ్మ అంటుంటే విన్నాను, "మా పాపకు మన నీళ్ళు ఇప్పుడు పడవు మే. వేలూరు పోయినాక అంతా మారిపోయింది" అని. కోపంగా అనలేదు. పోనీలే, బిడ్డ బాగుంటే చాలన్నట్టు అంది.

ఇప్పుడు నేను గడపలో అడుగుపెడితే పెద్దమ్మ నాకు చెంబు ఇవ్వదు. అంగడి నుంచి కూల్‌డ్రింక్ సీసా తెప్పించి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, తను చెంబెత్తి తాగుతుంది.